మూరెడు దూరం

ఈ వేసవంతా సైకిల్ మీదే గడిచింది. నిన్న నా మొదటి రోడ్ రేస్ పూర్తి చేశాను. గుంపుతో కలిసి కాదు, వాళ్లు గీత దాటిన నాలుగు నిమిషాలకు. అయినా ఆ సంతోషం ఇంకా దిగలేదు.

మూడు నెలల క్రితం నాకు తెలిసిన ట్రైనింగ్ ఒక్కటే: ఎక్కిన ప్రతిసారీ ఊపిరాడనంత వేగంగా తొక్కడం. రెండు వారాలకే కాళ్లు మొరాయించాయి. ఎన్నో రేసులు చూసిన ఒక పెద్దాయన, "మాట్లాడుతూ తొక్కగలిగేంత నెమ్మదిగా వెళ్లు బాబూ, గట్టిగా తొక్కేది వారానికి రెండు రోజులే" అన్నారు. నమ్మబుద్ధి కాలేదు. కానీ నెల తిరిగేసరికి అదే ఎత్తు మీద, అదే వేగంలో, గుండె నిదానంగా కొట్టుకోవడం మొదలైంది.

గాలి సంగతి మాత్రం రేసులోనే తెలిసింది. చదును రోడ్డు మీద గంటకు 35 కిలోమీటర్ల వేగంలో మన బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపైతే ఆ గాలికి కావలసిన పవర్ ఎనిమిది రెట్లు. ముందున్నవాళ్లు నా కోసం గాలిని చీలుస్తుంటే, వాళ్ల చక్రానికి మూరెడు దూరంలో ఉన్నంతసేపూ హాయిగా సాగాను. ఒక మలుపులో భయపడి బ్రేక్ పట్టాను. రెండు సైకిళ్ల ఖాళీ వచ్చింది, అంతే. పావుగంట ఒంటరిగా తొక్కినా అది పూడలేదు.

అప్పుడు నాలాగే వెనకబడిన ఒక అమ్మాయి వచ్చి కలిసింది. చివరి 12 కిలోమీటర్లు కాసేపు తను, కాసేపు నేను ముందుండి తొక్కాం. గీత దాటాక ఇద్దరికీ చాలాసేపు మాట రాలేదు. ఆమె పేరైనా అడగలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.