డూప్లికేట్ అనుకున్న స్టాంపు

ఆదివారం. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. అటక మీద పెట్టెకి చెమ్మ తగిలిందేమోనని టెన్షన్‌తో నాన్న స్టాంపుల ఆల్బమ్ కిందికి దించాను. అనుకున్నట్టే కొన్ని పేజీలు అంటుకుపోయాయి. ఫ్యాను కింద పెట్టుకుని మెల్లగా విడదీస్తూ కూర్చున్నాను.

ఆఫ్రికా పేజీలో ఒకేలాంటివి రెండు కనిపించాయి. 1963 నాటి ఎయిర్‌మెయిల్ స్టాంపులు. ఒకప్పుడు మూడు ఉండేవి. ఎనిమిదో క్లాసులో ఒకటి డూప్లికేటే కదా అని స్నేహితుడికిచ్చి జపాన్‌ది తీసుకున్నాను. నాన్న ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మాత్రం ఆ పేజీ తెరిచి చాలాసేపు కూర్చున్నారు.

ఇవాళ భూతద్దం పెట్టి చూశాను. బొమ్మ ఒకటే, దేశాలు వేరు! ఒకటి దహోమేది, ఇంకోటి అప్పర్ వోల్టాది. ఆఫ్రికా, మలగసీ (మడగాస్కర్) దేశాల తపాలా, టెలికమ్యూనికేషన్ల యూనియన్ పేరు మీద సెనెగల్, నైజర్, చాద్ లాంటి దేశాలు కూడా ఇదే బొమ్మతో స్టాంపు వేశాయి.

ఈ రెండు దేశాలకీ స్వతంత్రం వచ్చింది 1960 ఆగస్టులో. కొత్త దేశానికి సొంత జెండా, సొంత స్టాంపు అంటే ఎంత మురిపెం! అలాంటిది మూడేళ్ళకే పక్క దేశాలతో కలిసి ఒకే బొమ్మ వేసుకున్నారు. అప్పర్ వోల్టాకి సముద్రం లేదు. అక్కడి ఉత్తరం ఓడ ఎక్కాలంటే ముందు పొరుగు దేశం దాటాలి. రాజధాని ఊగడూగు నుంచి రేవుకి వెళ్ళే రైలు కూడా పొరుగున ఉన్న ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌కే పోతుంది. పొరుగువాడి పోస్టాఫీసు మన సంచీని తన సంచీలా చూసుకోకపోతే ఉత్తరం చేరదు.

1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు కూర్చుని ప్రపంచ తపాలా ఒప్పందం రాసుకున్నప్పుడు ఆఫ్రికా నుంచి ఉన్నది ఈజిప్టు ఒక్కటే. తర్వాత 1980లో ఖండం మొత్తానికీ పాన్ ఆఫ్రికన్ పోస్టల్ యూనియన్ ఏర్పడింది. దాని ఆఫీసు టాంజానియాలోని అరూషాలో ఉంది.

దహోమే 1975లో బెనిన్ అయింది, అప్పర్ వోల్టా 1984లో బుర్కినా ఫాసో అయింది. పాత పేర్లు ఇప్పుడు నా పేజీ మీద ఉన్నాయి.

సాయంత్రానికి పేజీ ఆరింది. రెండింటినీ పక్కపక్కనే అతికించి, మూడో దానికి చోటు వదిలాను. నేను ఇచ్చేసింది ఏ దేశానిదో గుర్తు లేదు. ఆ ఖాళీ కింద పెన్సిల్‌తో ‘నైజర్?’ అని రాసి, మళ్ళీ చెరిపేశాను.