కోఠిలో మూడు డ్రైవర్లు

శనివారం.

ఉప్పల్‌లో బాబాయి వడ్రంగి షెడ్డు ఉంది. అందులో ఓ మూల మా సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే యంత్రం) ఫ్రేము నిలబడి చాన్నాళ్లయింది. స్టీలు ఛానళ్ల వెల్డింగ్ అయింది, జారుడు పట్టాలు బిగించాం, మోటారు తిరుగుడుని నేరు కదలికగా మార్చే 16 మిల్లీమీటర్ల బాల్ స్క్రూలు చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతున్నాయి. చిన్న చిన్న స్టెప్పుల్లో తిరిగే స్టెప్పర్ మోటార్లూ వచ్చేశాయి. వాటికి కరెంటు పంపే బోర్డులు, అదే డ్రైవర్ల దగ్గరే ఆగిపోయింది పని. బాబాయికి మాత్రం ఒకటే ధ్యాస, తలుపు రెక్కల మీద శంఖుచక్రాలు మెషిన్ మీద చెక్కించాలి. "ఎప్పుడు నడుస్తదిరా ఇది?" అని కనిపించినప్పుడల్లా అడుగుతున్నాడు. ఇవాళ సెలవే కాబట్టి టిఫిన్ కానిచ్చి కోఠి బస్సెక్కాను.

గుజరాతీ గల్లీలో శనివారం సంగతి తెలిసిందే. కౌంటర్ దగ్గర నిలబడే చోటు దొరికేసరికి సగం ఓపిక అయిపోయింది. "ఎన్ని ఆంపియర్లది కావాలన్నా?" అని అడిగాడు షాపతను. అందరూ అడిగే ప్రశ్న అదే. నేను వోల్టుల గురించి అడిగేసరికి నా ముఖంలోకి ఒకసారి చూసి, లోపలి అరలోంచి పెట్టెలు తీశాడు.

మా మోటార్లు నీమా 23. ఆ 23 బలానికి సంబంధించిన లెక్క కాదు, ముందు పలక 2.3 అంగుళాలు ఉంటుందని మాత్రమే చెబుతుంది. అదే నంబరుతో పొట్టి మోటారూ వస్తుంది, దానికి రెట్టింపు పొడుగుదీ వస్తుంది. అందుకే అసలు చూడాల్సింది డేటాషీట్. మా మోటారుకి ఫేజుకి (అంటే ఒక్కో కాయిల్‌కి) 2.8 ఆంపియర్లు, కాయిల్ రెసిస్టెన్స్ 0.9 ఓము, ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) 2.5 మిల్లీహెన్రీలు. 2.8ని 0.9తో గుణిస్తే రెండున్నర వోల్టులు. అంటే కదలకుండా నిలబడిన మోటారుకి రెండున్నర వోల్టులు చాలు. మరి 36 వోల్టుల సప్లై ఎందుకంటే, అది తిరగాలి కాబట్టి.

బస్సులో కూర్చుని ఫోన్ కాలిక్యులేటర్‌లో ఈ లెక్కే మళ్లీ వేశాను. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగం కావాలి. స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే నిమిషానికి 600 చుట్లు, సెకనుకి 10. చుట్టుకి 200 స్టెప్పులు కాబట్టి సెకనుకి 2000. ఒక్కో స్టెప్పుకి దొరికే సమయం అర మిల్లీసెకను. ఆలోగా కాయిల్‌లోకి కరెంటు ఎక్కాలి. ఇండక్టెన్స్ ఉన్న కాయిల్ బరువైన టేకు తలుపు లాంటిది, తోయగానే కదలదు, మెల్లగా ఊపందుకుంటుంది. 12 వోల్టులు ఇస్తే సున్నా నుంచి 2.8 ఆంపియర్లు ఎక్కడానికి దాదాపు 0.58 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే కరెంటు నిండకముందే తర్వాతి స్టెప్పు వచ్చేస్తుంది. 24 వోల్టులకి 0.29, 36కి 0.19. తిరుగుతున్న మోటారు ఎదురు వోల్టేజీ కూడా పుట్టిస్తుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఆంపియర్లతో బలం వస్తుంది, వేగంలో ఆ బలం నిలవాలంటే వోల్టులు కావాలి. డ్రైవర్ ఎంపికలో నేను పట్టుకున్నది ఈ ఒక్క విషయాన్నే. మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి.

డ్రైవర్లలో ఏ4988 జాబితాలోంచి మొదటే పోయింది. ఆర్డ్యునో అనే కంట్రోలర్ బోర్డు మీద పెట్టే షీల్డుకి గుచ్చుకునే ఆ చిన్న బోర్డు 35 వోల్టులు, 2 ఆంపియర్ల దాకా అంటారు కానీ హీట్‌సింక్ లేకుండా ఒక ఆంపియర్ దాటితే చెయ్యి పెట్టలేం. డీఆర్‌వీ8825 కాస్త నయం, అంతే. నీమా 17 మోటార్లతో బల్ల మీద పెట్టుకునే చిన్న మెషిన్‌కి అవి బ్రహ్మాండంగా సరిపోతాయి. టీఎంసీ2209 అంటే నాకు ఇష్టం. త్రీడీ ప్రింటర్‌లో మోటారు తిరుగుతోందో లేదో చెవికి తెలియనంత నిశ్శబ్దం. కానీ దాని పరిమితి 29 వోల్టులు. పైగా రంపం పక్కన పెట్టే మెషిన్‌కి నిశ్శబ్దం దేనికి?

మిగిలినవి రెండు, టీబీ6600, డీఎం542. షాపతను మొదటిదే అంటగట్టాలని చూశాడు, చవక కదా. పెట్టె మీద టీబీ6600 అని రాసి ఉన్నా, విప్పితే లోపల తోషిబావాళ్లదే వేరే చిప్ కనిపించడం మామూలే. దాని మీద రాసిన 42 వోల్టుల పక్కన 36 పెట్టడం నాకు నచ్చలేదు. మోటారు ఒక్కసారిగా వేగం తగ్గినప్పుడు అది జనరేటర్‌లా పనిచేసి వోల్టేజీని వెనక్కి తోస్తుంది. ఆ పొంగుకి చోటు వదలాలి. డీఎం542కి 50 దాకా ఉంది. అదే కారణంతో 48 వోల్టుల సప్లై కూడా వద్దనుకున్నాను, 36కే ఖాయమయ్యాను. మెషిన్ కదిలే మూడు దిశలకి మూడు డ్రైవర్లు తీసుకున్నాను. బేరంలో పెద్దగా తగ్గించలేదు, డ్రైవర్‌కి స్టెప్పు ఆదేశాలు (పల్సులు) తెచ్చే వైర్ల కోసం షీల్డెడ్ కేబుల్ మాత్రం కొంత కొసరు వేశాడు.

మధ్యాహ్నం షెడ్డుకి చేరేసరికి బాబాయి భోజనం చేసి కూర్చున్నాడు. మోటారుకి నాలుగు వైర్లు, ఏ రెండు ఒక కాయిల్‌వో తేల్చాలి. మల్టీమీటర్ బ్యాగులోనే ఉంది కానీ బాబాయికి చూపిద్దామని తీయలేదు. "షాఫ్ట్ తిప్పు బాబాయ్" అన్నాను. సులువుగా తిరిగింది. రెండు వైర్ల కొసలు కలిపి పట్టుకుని మళ్లీ తిప్పమన్నాను. ఈసారి వేళ్లకి బిగుసుకుంది. "కరెంటే లేదు కదరా, ఎవరు పట్టుకుంటున్నరు?" అని నవ్వాడు. తర్వాత తనే ఒక్కో జత కలుపుతూ, విడదీస్తూ చాలాసేపు ఆడుకున్నాడు. ఉలి పట్టిన వేళ్లు కదా, తేడా నాకన్నా ముందే పసిగట్టాయి.

ఆ ఆటలోనే అసలు ప్రశ్న అడిగాడు. "మధ్యలో లెక్క తప్పితే దీనికి తెలుస్తదా?" తెలియదు. డ్రైవర్ పల్సులు అందుకుని కరెంటు పంపుతుంది, మోటారు నిజంగా కదిలిందో లేదో చూడదు. ఒక చోట చెక్కే బిట్ ఇరుక్కుని స్టెప్పులు పోతే అక్కడి నుంచి నగిషీ మొత్తం పక్కకి జరిగిపోతుంది, టేకు పలక దండగ. నిజంగా ఎంత తిరిగిందో చూసే ఎన్‌కోడర్ ఉన్న క్లోజ్డ్ లూప్ మోటార్లు ఉన్నాయి, ఆ ధర మూడు మోటార్లకి లెక్కేసి చెప్పగానే బాబాయి చెయ్యి అడ్డంగా ఊపాడు. కాబట్టి వేగాన్ని, కోత లోతుని మోటారు బలానికి బాగా లోపలే ఉంచుకోవాలి.

సాయంత్రం డ్రైవర్ల మీద కరెంటు, పల్సులు ఎంచుకునే చిన్న స్విచ్చుల పని. డీఎం542 పట్టికలో కరెంటుకి రెండు వరుసలు ఉంటాయి, పీక్ (గరిష్ఠం) ఒకటి, ఆర్‌ఎంఎస్ (ఒకరకం సగటు) ఒకటి. పీక్ 2.84 దగ్గర ఆర్‌ఎంఎస్ 2.03 మాత్రమే. ప్రస్తుతానికి అక్కడే పెట్టాను, బలం చాలకపోతే 3.76కి జరపొచ్చు, అక్కడ ఆర్‌ఎంఎస్ 2.69. ఒక్కో స్టెప్పుని ఎనిమిది ముక్కలు (మైక్రోస్టెప్పులు) చేసి, చుట్టుకి 1600 పల్సులు ఎంచుకున్నాను. మిల్లీమీటరుకి 320, పూర్తి వేగంలో సెకనుకి 16 వేలు. 3200 పెడితే 32 వేలవుతుంది, ఆర్డ్యునో ఊనో మీద మెషిన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్ దాదాపు 30 వేల దగ్గర ఆయాసపడుతుంది. మైక్రోస్టెప్పులు పెంచితే నునుపు వస్తుందేమో కానీ అంత కచ్చితత్వం చెక్కకి అక్కర్లేదు, వానాకాలంలో అదే అంతకన్నా ఎక్కువ ఉబ్బుతుంది.

బాబాయికి ఒకటి గట్టిగా చెప్పాను. కరెంటు ఉండగా మోటారు వైరు పీకకూడదు, ఆ దెబ్బకి డ్రైవర్ పోతుంది. డ్రిల్లింగ్ మెషిన్ ప్లగ్గు లాగినట్టు లాగే అలవాటు ఆయనకి ఉంది మరి. తలూపి, "ముందు మామిడి చెక్క మీద చేసి చూపియ్. టేకు తర్వాత ఇస్త" అన్నాడు.

36 వోల్టుల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) ఆర్డర్ పెట్టాను, బుధవారం వస్తుందట. ఈలోగా ప్యానెల్ డబ్బాకి ఫ్యాను రంధ్రం కోయాలి, పొట్టు లోపలికి పోకుండా దానికి జల్లెడ బిగించాలి.