అమ్మ చీరల బొంత: ముప్పై ఒకటో వరుస దాకా

జూన్ 14

ఇవాళ అమ్మ బీరువా తీశాం. అమ్మ పోయి ఐదు నెలలైంది. ఇన్నాళ్ళూ తాళంచెవి నాన్న దిండు కిందే ఉంది.

మొత్తం 43 చీరలు. అందులో పట్టువి 11. వాటి జోలికి వెళ్ళలేదు, అక్కా నేనూ మరదలూ తలా కొన్ని తీసుకుని కట్టుకుంటాం. నాకు కావలసినవి కింది అరలో ఉన్నాయి. బడికి కట్టుకెళ్ళినవి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి. పట్టుచీర అమ్మ ఏడాదికి నాలుగైదుసార్లు కట్టేదేమో. మిగతా రోజులన్నీ ఈ చీరల్లోనే గడిచాయి.

తెనాలిలో మా నాన్నమ్మ ప్రతి ఎండాకాలం అరుగు మీద పాత చీరలూ పంచెలూ పొరలుగా పరిచి, దబ్బనంతో బొంతలు కుట్టేది. లోపల దూది పెట్టేది కాదు. మన ఎండలకీ మన చలికీ ఆ మూడు నాలుగు పొరలే సరిపోయేవి. నేనూ దూదీ ఫైబరు షీటూ పెట్టను. అదే బొంత, పైపొర ఒక్కటే ముక్కలతో కూర్చినది.

పిన్నికి ఫోన్లో చెప్పాను. "పోయినవాళ్ళ బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యాలి గానీ, ముక్కలు చేసి కప్పుకుంటారుటే?" అంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడ మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ 1942లో, భర్త చనిపోయాక, ఆయన పనికి వేసుకెళ్ళిన బట్టలన్నీ కలిపి బొంత కుట్టి కప్పుకుంది. ఆ సంగతి చెప్పాను. "వాళ్ళ పద్ధతి వాళ్ళది. నువ్వు కుట్టుకో, నేను మాత్రం కప్పుకోను" అంది పిన్ని. ఆవిడ అక్క చీరలు అవి. ఆ మాట అనే హక్కు ఆవిడకి ఉంది, ఇంక వాదించలేదు.

నాన్న మంచం మీద కూర్చుని ఒక్కో చీర గురించి చెబుతుంటే చీటీ మీద రాసి, ఆ చీరకే గుండుసూదితో గుచ్చాను. మంగళగిరి నిజాం అంచు చీర, 1994లో పానకాలస్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు కొన్నది. వెంకటగిరి చీర, బడికి మూట పట్టుకొచ్చే ఆయన దగ్గర నాలుగు వాయిదాల మీద. పొందూరు ఖద్దరు చీర, ట్రైనింగుకి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు. ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని, కొంగు పట్టి చూపిస్తూ అమ్మ పిల్లలకి చెప్పేది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే కత్తెర కంటే ముందు చీటీలు పెట్టండి. చీర మొత్తం పరిచి ఒక ఫోటో కూడా తీసుకోండి. ముక్కలయ్యాక ఏది ఏ చీరో ఇంట్లోవాళ్ళకే గుర్తుండదు.

తొమ్మిది చీరలు తీశాను. పదోది నీలం వాయిల్ చీర. దాని మీద చెయ్యి వెయ్యగానే నాన్న, "అది వద్దమ్మా" అన్నారు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అది ఆయన కుర్చీ మీద మడత పెట్టి ఉంది.

జూన్ 21

ఉతకాలా వద్దా అని వారం రోజులు తేల్చుకోలేకపోయాను. బీరువాలోని చీరల్లో ఇంకా అమ్మ వాసన ఉంది. పౌడరు, కొబ్బరినూనె, కొంచెం కలరా ఉండల వాసన. ఉతికితే పోతుంది. ఉతక్కపోతే చెమట ఉన్నచోట బట్ట త్వరగా చివుకుతుంది, పురుగు పడుతుంది, రంగులు తర్వాత ఒకదానికొకటి అంటుకుంటాయి. చివరికి ఆమె ఆఖరిసారి తొడిగిన జాకెట్టు ఒక్కటి ఉతక్కుండా జిప్ కవరులో పెట్టి, మిగతావన్నీ ఉతికాను.

ముందు రంగు పరీక్ష. తెల్లగుడ్డ తడిపి చీర లోపలి చెరగు మీద గట్టిగా రుద్దాలి. తొమ్మిదింటిలో ఎర్ర నారాయణపేట చీర ఒక్కటే రంగు దిగింది. ఉప్పునీళ్ళలో నానబెట్టమని అందరూ చెప్పారు, పెట్టాను, తేడా రాలేదు. విడిగా ఐదుసార్లు ఉతికాక నీళ్ళు తేటగా వచ్చాయి. ఎవరు ఏ చిట్కా చెప్పినా, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకడమే నేను నమ్మేది.

ఏది నూలో ఏది పాలిస్టరో అనుమానం వస్తే రెండు పోగులు లాగి వెలిగించి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన. నా తొమ్మిదింటిలో ఏడు నూలు, రెండు ప్రింటెడ్ పాలిస్టర్.

జూన్ 28

చీరలని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూశాను. కుచ్చిళ్ళ కింద, ఫాల్ పైభాగాన, కూర్చునేచోట బట్ట పలచబడి జల్లెడలా కనిపించింది. లోపలి చెరగు దగ్గరా కొంగు దగ్గరా గట్టిగా ఉంది. ముక్కలు అక్కడి నుంచే తీయాలి.

ఈ వెతుకులాటలోనే ఒకటి కంటపడింది. ప్రతి చీరలోనూ ఎడమ భుజం మీదికి వచ్చేచోట చిన్న చిన్న బెజ్జాలు, గుంపుగా. అమ్మ పిన్నీసు పెట్టుకునే చోటు. కొన్నింటి చుట్టూ తుప్పు రంగు వలయం కూడా ఉంది. చీర ఏదైనా, కొంగు చివరి నుంచి కొలిస్తే ఆ చోటు దాదాపు ఒకే దూరంలో ఉంది. ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున్నే హడావిడిగా, అద్దం కూడా చూడకుండా గుచ్చుకున్న పిన్ను. అక్కకి వీడియోకాల్ చేసి చూపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

అప్పటిదాకా ఆ బెజ్జాలున్న భాగం చిరుగు కింద లెక్కేసి పక్కన పెట్టాలనుకున్నాను. ఇప్పుడు ప్లాను మొత్తం మారింది. తొమ్మిది చీరల నుంచి తొమ్మిది పిన్ను ముక్కలు, తల వైపు నుంచి కాళ్ళ వైపు దాకా ఒకే నిలువు వరుసలో వస్తాయి. తుప్పు మరకలు పోగొట్టను. వెనక మాత్రం పలచటి వాయిల్ గుడ్డ అతికి బలం ఇస్తాను.

కొలతలు ఇవి. బొంత 60 అంగుళాల వెడల్పు, 90 పొడవు. ఒక్కో గడి 10 అంగుళాలు, అంటే అడ్డంగా 6, నిలువుగా 9, మొత్తం 54. చీరకి ఆరు చొప్పున సరిగ్గా సరిపోతాయి. అతుకుకి చుట్టూ పావు అంగుళం వదలాలి కాబట్టి కత్తిరించేది పదిన్నర.

జులై 6

మొదటి రోజు కోసిన ముక్కలు ఎనిమిదీ పనికిరాలేదు. పాత నూలు బట్ట కత్తెర కింద సాగిపోతుంది. చతురస్రం అనుకున్నది కోసి తీశాక పక్కకి వంగిపోయింది. నాన్నమ్మ బట్టలకి గంజి పెట్టడం గుర్తొచ్చి, చిక్కటి గంజి పెట్టి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేశాను. బట్ట అట్టలా నిలబడింది. తర్వాత గీత గీయకుండా అడ్డంగా ఒక పోగు పట్టి లాగాను. పోగు బయటికొచ్చిన జాడ వెంటే కోస్తే వంకర పోదు. పదిన్నర అంగుళాల అట్ట ముక్క పెట్టి మళ్ళీ సరిచూసుకున్నాను. ఈ గంజి బొంతలో ఉండిపోతే పురుగులకి తిండి అవుతుంది, పని పూర్తయ్యాక ఉతికి తీసేయాలి.

పాలిస్టర్ చీరలకి గంజి పట్టదు. వాటి వెనక, ఇస్త్రీ వేడికి అతుక్కునే పలచటి ఫ్యూజింగ్ పేపరు అంటించాలి. అక్కడే తప్పు చేశాను. నూలుకి పెట్టిన వేడి తగ్గించడం మర్చిపోయి ఇస్త్రీపెట్టె పెట్టేశాను. గోధుమరంగు పువ్వుల చీర ముక్క క్షణంలో ముడుచుకుపోయింది. ఆఖరి రెండేళ్ళూ అమ్మ ఇంట్లో ఎక్కువగా కట్టుకున్న చీర అది. పిన్ను ముక్క కాదు, ఇంకా బట్ట ఉంది, ఇంకోటి కోయొచ్చు. అయినా ఆ రోజు మళ్ళీ పని ముట్టుకోలేకపోయాను. కాలిన ముక్క పారెయ్యలేదు.

పాలిస్టర్‌కి ఇస్త్రీపెట్టె అన్నిటికన్నా తక్కువ వేడిలో, పైన నూలుగుడ్డ అడ్డం వేసి, రుద్దకుండా ఒత్తి తీయాలి. ముందు పనికిరాని కొస మీద చూసుకోండి.

జులై 20

గడులన్నీ మిషన్ మీద కలిపాను. నూలుకి 14 నంబరు సూది, పాలిస్టర్ వచ్చినచోట 11. ఇందులో చెప్పుకునేంత ఏమీ లేదు, నాలుగు సాయంత్రాలు పట్టింది.

అడుగు పొరకి ఆ తొమ్మిదీ కాక ఇంకో చీర మొత్తం వాడాను. చీర పొడవు 216 అంగుళాలు. అందులో 94 చొప్పున రెండు ముక్కలు తీసి పక్కపక్కన కలిపితే వెడల్పు కావలసినదానికంటే ఎక్కువే వచ్చింది. పైపొర కంటే అడుగుపొర ప్రతి వైపూ రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. మధ్య పొరకి నాన్న పాత పంచెలు రెండు. వాటిని కుట్టి కలపలేదు, ఒకదాని అంచు మీద ఇంకొకటి అంగుళం ఎక్కేలా పరిచాను. కుడితే అతుకు గట్టుకట్టి ఒంటికి తగులుతుంది. అమ్మ చీరల మధ్యలో నాన్న పంచెలు పెట్టాలన్నది నాన్న మాటే.

హాల్లో సోఫా జరిపి, ఫ్యాను ఆపి, అడుగుపొర నాలుగు మూలలూ టేపుతో నేలకి అంటించాం. మూడు పొరలూ పరిచాక జానెడు దూరానికి ఒకటి చొప్పున పొడుగు టాకాలు వేశాను. అంటే, జానెడు అనుకున్నాను. ఓపిక లేక కొన్నిచోట్ల మూరెడు దాకా వదిలేశాను.

ఆగస్టు 17

ఆ ఓపికలేనితనానికి ఫలితం అనుభవించాను. నాన్నమ్మలాగే ఒక అంచు నుంచి మొదలుపెట్టి అంగుళానికొక వరుస చొప్పున చేత్తో కుడుతూ వచ్చాను. పన్నెండో వరుసకి వచ్చేసరికి పైబట్ట ముందుకి జరిగి జరిగి అలలా లేచింది. చేత్తో ఎంత సర్దినా సర్దుకోలేదు. మూడు వరుసలు విప్పేసి, మళ్ళీ నేల మీద పరిచి, ఈసారి నిజంగానే జానెడుకొక టాకా వేశాను. రెండు రోజుల పని పోయింది. టాకాల దగ్గర మిగుల్చుకున్న గంట చివర్లో రెండు రోజులు తినేసింది.

నాకు కావలసిన వరుసలు 59. ఒక్కోటి 90 అంగుళాలు. లెక్కేస్తే దాదాపు 135 మీటర్ల కుట్టు. యాంకర్ ఎంబ్రాయిడరీ దారం చుట్ట 8 మీటర్లు, ఆరు పోగులది. మూడేసి పోగులుగా విడదీసి వాడితే 16 మీటర్లు వస్తుంది. బట్టలోకి దిగుతూ లేస్తూ పోయే దారం, ముడులూ కలుపుకుని పదకొండు చుట్టలు చాలు అనుకుని పన్నెండు కొన్నాను. మూరెడున్నర కంటే పొడుగు దారం ఎక్కించొద్దు, చిక్కుపడుతుంది. నడిమివేలికి తొడుగు పెట్టుకోకపోతే పాలిస్టర్ గడుల దగ్గర సూది వెనకభాగం వేలిలోకి దిగుతుంది.

సెప్టెంబరు 7

25వ వరుస. ఇది తొమ్మిది పిన్ను ముక్కల నడుమగుండా పోతుంది.

బెంగాల్లో కాంథాలనే బొంతలు కుట్టేటప్పుడు పాత చీరల అంచుల నుంచే రంగు పోగులు లాగి దారంగా వాడేవారు. ఈ ఒక్క వరుసా అలా కుట్టాలనిపించింది. మంగళగిరి చీర అంచులోంచి జరీ పక్కన ఉన్న మెరూన్ నూలు పోగులు లాగాను. ఒక్క పోగు అయితే సూదిలో పట్టుకోగానే తెగింది. మూడు కలిపి తొడ మీద పెట్టి వత్తుల్లా పేని, మైనం రాస్తే నిలబడింది. అలాగైనా జానెడు జానెడుకీ కొత్త దారం ఎక్కించాల్సి వచ్చింది. మిగతా వరుసలు ఒక్కోటి యాభై నిమిషాలు పడితే ఇది మూడు సాయంత్రాలు పట్టింది. బెజ్జాల పక్క నుంచే కుట్టాను, ఒక్కదాన్నీ మూయలేదు.

సెప్టెంబరు 21

31 అయ్యాయి. ఇంకా 28. సంవత్సరీకం జనవరిలో. వారానికి మూడు వరుసలు కుట్టగలిగితే నవంబరు చివరికి కుట్టు అయిపోతుంది. తర్వాత అంచు పట్టీ. చుట్టుకొలత 300 అంగుళాలు, మూలల మడతలకి ఇంకో పది. రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఒకే చీర పొడవులోంచి రెండు తీస్తే చాలు. నిజాం అంచు వేద్దామని మొదట ఆశపడ్డాను గానీ జరీ మెడకి గీసుకుంటుంది. అది కాళ్ళ వైపు ఒక్కటే.

మూలల సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను. ఉత్తర కర్ణాటకలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ ఆడవాళ్ళు కుట్టే కవండి బొంతల్లో, మూలల్లో మడతపెట్టిన ముక్కలతో పువ్వు పెట్టకుండా పని ముగించరు. దాన్ని ఫులా అంటారు. నాకు మిగిలిన చిన్న ముక్కలతో నాలుగు మూలల్లోనూ అలా పెట్టాలని ఉంది. ఆ కాలిన గోధుమరంగు ముక్కలో బాగున్న కొస ఒకటి అందులోకి వస్తుంది.

ఇవాళ వెనక కుట్టే గుడ్డ రాశాను. తెల్ల నూలుగుడ్డ మీద చెరగని పెన్నుతో తొమ్మిది చీరల పేర్లు, ఏ ఏడాది, ఎక్కడ కొన్నది. చీటీలు చూసి రాస్తుంటే ఒకచోట ఆగిపోయాం. ఆకుపచ్చ చీరాల చీర 1987 అని నాన్న, కాదు నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడని అక్క. పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఆకుపచ్చదా? నేనూ ఉన్నాగా షాపులో. మీ తమ్ముడు అప్పుడే అడుగులు వేస్తున్నాడు, కౌంటరు పట్టుకుని నిలబడి ఆ చీర లాగాడు. వాడు లాగాడని మీ అమ్మ అదే కొనేసింది."

గుడ్డ మీద ఏడాది వెయ్యలేదు. "చీరాల చీర, తమ్ముడు లాగినది" అని రాశాను.