ఫెయిర్‌బ్యాంక్స్‌లో అరోరా చూశాం: నా అనుభవం

ధ్రువానికి దగ్గరి ఊళ్ళలో రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగే అరోరా. అది కనిపించాలంటే అదృష్టం ఉండాలని వెళ్ళొచ్చినవాళ్ళూ అంటారు, వెళ్ళనివాళ్ళూ అంటారు. నేను ఒప్పుకోను. సరైన ఊరు, మబ్బులేని ఆకాశం, రాత్రి మూడింటిదాకా చలిలో మేలుకుని ఉండగలిగే ఏర్పాటు ఉంటే చాలావరకు కనిపిస్తుంది. వీటిలో మొదటిదీ చివరిదీ మన చేతిలో ఉన్నవే.

మేం ఉండేది డాలస్‌లో. నార్వే, ఐస్‌లాండ్ అనుకుంటే హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళకి అక్కడి వీసా, తిరిగి రావడానికి స్టాంపింగ్, అదో టెన్షన్. అలాస్కా అయితే దేశం దాటక్కర్లేదు, సియాటిల్‌లో ఫ్లైట్ మారితే చాలు. అలాస్కాలో కూడా ఆంకరేజ్ సముద్రం పక్కన ఉంటుంది, మబ్బులెక్కువ. ఫెయిర్‌బ్యాంక్స్ బాగా లోపలికి ఉంది, సముద్రం మీదనుంచి వచ్చే తేమను దక్షిణాన ఉన్న అలాస్కా పర్వతశ్రేణి చాలావరకు ఆపేస్తుంది. పైగా ధ్రువం చుట్టూ అరోరా తరచుగా వెలిగే వలయం ఒకటుంది కదా, దాదాపు 65 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఈ ఊరు దాని కిందకే వస్తుంది. అందుకే యాప్‌లో కేపీ నంబరు (భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడిని 0 నుంచి 9 దాకా చెప్పే కొలత) 2 చూపించినా ఇక్కడ కనిపిస్తుంది. 7 రావాలి, 8 రావాలి అని ఎదురుచూడటం దక్షిణాన ఉన్న ఊళ్ళవాళ్ళ బాధ. ఫెయిర్‌బ్యాంక్స్‌కి వెళ్ళేవాళ్ళు కేపీ కంటే మబ్బుల మ్యాప్ ఎక్కువసార్లు చూడాలి.

నెల విషయానికొస్తే, ఆగస్టు చివర్నుంచి ఏప్రిల్ మూడోవారందాకా సీజన్. వేసవిలో అరోరా రాదని కాదు, అక్కడ రాత్రి చీకటే పడదు. మేం మార్చి ఎంచుకున్నాం. జనవరి అంత ఘోరమైన చలి ఉండదు, రాత్రులు ఇంకా పొడుగ్గానే ఉంటాయి, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టుపక్కల భూమి అయస్కాంత క్షేత్రం సౌరగాలితో, అంటే సూర్యుడినుంచి వచ్చే కణాల ప్రవాహంతో, ఎక్కువగా తలపడుతుంది కాబట్టి అరోరా కూడా జోరుగా ఉంటుంది.

మా అత్తయ్య అప్పుడు మా దగ్గరే ఉన్నారు. 2024 మే 10న పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫోటో పేపర్లో చూశారట, అప్పట్నుంచీ ఆవిడకి ఇది మనసులో ఉంది. అరవై దాటిన మనిషిని ఆ చలిలోకి తీసుకెళ్ళడమేంటని చుట్టాలు చాలామంది అన్నారు. తీసుకెళ్ళొచ్చు. బట్టలు సరిగ్గా ఉండాలి, అంతే. ఒంటికి తగిలే పొర ఉన్నిది ఉండాలి, కాటన్ వద్దు, చెమట పీల్చుకుని ఆరదు. పైన వేసుకునే లావుపాటి పార్కా, మంచు బూట్లు అక్కడే అద్దెకిస్తారు, కొనక్కర్లేదు. బూటు ఒక సైజు పెద్దది తీసుకోండి. రెండు జతల సాక్సులు బిగించి తొడిగితే రక్తం ఆడక వేళ్ళు ఇంకా త్వరగా చల్లబడతాయి. కళ్ళజోడు కష్టం ఒకటుంది, ఎవరూ చెప్పరు: మఫ్లర్ ముక్కు మీదికి లాక్కుంటే ఊపిరి పైకొచ్చి అద్దాల మీద ఆవిరి పట్టి, అక్కడే గడ్డకట్టి, సన్నటి మంచు పొర అయిపోతుంది, తుడిస్తే పోదు. అత్తయ్యకి మఫ్లర్ ముక్కు కిందికి కట్టి, పైన పార్కా టోపీ ముందుకు లాగాం, అప్పుడు కుదిరింది.

అద్దె కారు ముందు గ్రిల్‌లోంచి కరెంటు ప్లగ్ వేలాడుతుంటే అత్తయ్య ఆశ్చర్యపోయారు. ఎలక్ట్రిక్ కారు కాదది, పెట్రోలు బండే. రాత్రంతా నిలిపితే ఇంజిన్ గడ్డకట్టినంత పనవుతుంది కాబట్టి లోపల చిన్న హీటర్ ఉంటుంది, హోటల్ పార్కింగ్‌లో వరసగా ఉన్న ప్లగ్గుల్లో దానికి కరెంటు పెట్టాలి.

ఊళ్ళో దీపాలుంటాయి, అందుకని స్టీస్ హైవే మీద ఉత్తరంగా క్లియరీ సమ్మిట్ అనే కొండకి వెళ్ళాం. కొండ మీద చలి ఎక్కువనుకుంటాం గానీ, గాలి కదలని రాత్రుల్లో బరువైన చల్లగాలంతా లోయలోకి దిగిపోయి ఊళ్ళోనే ఎక్కువ చలి ఉంటుంది. పదిన్నరకి చేరాం. ఇక్కడ ఇంకో విషయం. ఫెయిర్‌బ్యాంక్స్ తన టైమ్ జోన్‌కి బాగా పడమరగా ఉంది, మార్చిలో గడియారం గంట ముందుకి కూడా జరుపుతారు, దాంతో ఆ ఊరి అసలు అర్ధరాత్రి గడియారంలో దాదాపు రెండింటికి పడుతుంది. పన్నెండున్నరకి ‘ఇక రాదులే’ అని వెళ్ళిపోయేవాళ్ళు అసలు టైముకి ముందే వెళ్ళిపోతున్నారన్నమాట. మా పక్కన రెండు కార్లు అలాగే వెళ్ళిపోయాయి, చాలా బాధేసింది.

నిజానికి అప్పటికే ఆకాశంలో అది ఉంది. ఉత్తరాన కొండల పైన తూర్పునుంచి పడమరకి పల్చటి బూడిదరంగు గీత, చూస్తే మబ్బే అనిపిస్తుంది. మసకవెలుతురులో మన కంటికి రంగు తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. మా ఆయన ఫోన్‌లో మూడు సెకన్లు పెట్టి తీస్తే ఆకుపచ్చగా వచ్చింది. మబ్బా, అరోరానా అని అనుమానం వస్తే ఇదొక్కటే పరీక్ష. ఆ గీత అలా గంటలు కదలకుండా ఉండి, ఉన్నట్టుండి వెలిగి, ముక్కలై పగిలి చెల్లాచెదురయ్యే పద్ధతిని ఈ ఊరి యూనివర్సిటీలోనే పనిచేసిన స్యున్-ఇచి అకసోఫు 1964లో వివరంగా రాశారు. ఆ సంగతి చదువుకుని వెళ్ళాను కాబట్టే నాకు ఓపిక నిలబడింది.

ఒంటిగంట దాటాక గీత దక్షిణంగా జరగడం మొదలైంది, మా వైపుకి. పచ్చదనం ఈసారి కంటికే తెలిసింది. తర్వాత ఒక చివర మెలితిరిగింది, ఆ మెలిక ఈ చివర్నుంచి ఆ చివరికి కొన్ని సెకన్లలో పరుగెత్తింది, కింది అంచంతా గులాబీ రంగుకి మారింది, ఎటు చూడాలో తెలియలేదు. నడినెత్తిన కిరణాలన్నీ ఒకే చోటునుంచి చిమ్ముతున్నట్టు విచ్చుకున్నాయి. మంచు మీద మా నీడలు పడ్డాయి! అత్తయ్య నా చెయ్యి పట్టుకుని “అమ్మాయ్, అటు చూడు, అటు చూడు” అంటూనే ఉన్నారు. ఏడ్చాను, కనురెప్పలు అతుక్కున్నాయి.

పచ్చరంగు వంద, నూటయాభై కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్‌ది. ఆ గులాబీ అంచు ఇంకా కిందున్న నైట్రోజన్‌ది. రెండొందల కిలోమీటర్ల పైన అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. హాన్లే లాంటి దూరాలనుంచి చూస్తే ఆ పైభాగం మాత్రమే దిగంతం మీదికి వస్తుంది, అందుకే లడఖ్‌లో అంతా ఎరుపే. కారులో కూర్చుని అత్తయ్యకి ఇది చెబితే, మరి మనం మొత్తం చూశామన్నమాట అన్నారు.

ఫోటోల మీద ఎక్కువ టైం పెట్టకండి. స్టాండ్, ఐఎస్ఓ 1600, లెన్స్ పూర్తిగా తెరిచి, ఫోకస్ చేత్తో దూరపు నక్షత్రం మీద పెట్టి, గీత నిదానంగా ఉంటే ఎనిమిది సెకన్లు, పరుగెడుతుంటే రెండు. బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి ఆనించుకోండి. రూములోకి వచ్చేముందు కెమెరాని జిప్ కవర్లో వేసి మూసేయండి, లేకపోతే లోపలి వెచ్చదనానికి తడిసిపోతుంది. ఆకాశం పగిలే ఆ పది నిమిషాలు మాత్రం కళ్ళతోనే చూడండి.

రూముకొచ్చేసరికి నాలుగున్నర, తెనాలిలో సాయంత్రం ఆరు. అత్తయ్య బూట్లు కూడా విప్పకుండా వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేశారు. “వీళ్ళు ఫోటోలు పంపిస్తారు గానీ, అలాగే ఉంటుందనుకోకే. ముందు ఏమీ లేనట్టే ఉంటుంది. కాసేపటికి ఆరేసిన పట్టుచీర గాలికి ఎగిరినట్టు, గులాబీ అంచుతో సహా... ఆగు, మొదట్నుంచి చెబుతా” అని మంచం మీద కూర్చున్నారు.