మామునూరు మీద నిలిచిన చుక్క

ఆకాశంలో వింత వెలుగులు చూద్దామని జనవరి చలిలో హన్మకొండ నుంచి ఐదింటికే బయల్దేరి ఖమ్మం రోడ్డు మీద మామునూరులో ఆగాం. 1930లో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం ఇది, 1981లో మూతపడింది. పక్కనే స్పెషల్ పోలీసుల నాలుగో బెటాలియన్. అటు కెమెరా తిప్పొద్దు, డ్రోన్ మాటే వద్దు. రోడ్డు అంచు చాలు.

6:15కి నైరుతిలో, చాచిన చేతి పిడికిలిన్నర ఎత్తున ఎర్రటి చుక్క వెలిగింది. కాసేపట్లో తెల్లబడి అక్కడే నిలబడింది. "బెటాలియనోళ్లదే ఉంటది బిడ్డా" అని తేల్చేశాడు టీ బండి పెద్దాయన. క్యాంపు పక్కన ఏం కనబడ్డా ఇంతే. 1980 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రెండిల్‌షామ్ అడవిలో, వైమానిక స్థావరం పక్కనే, అమెరికా సైనికులే వింత వెలుగులు చూశామన్నారు. ఒకటి 5 సెకన్లకోసారి మెరిసేది. అదే దిక్కున అప్పట్లో ఉన్న ఆర్ఫర్డ్‌నెస్ లైట్‌హౌస్‌దీ 5 సెకన్ల లెక్కే.

అందుకే ముందు టైం రాసుకోవాలి. తర్వాత తల గోడకు ఆనించి, చుక్కను కరెంటు స్తంభం అంచుకు కలిపి 10 నిమిషాలు చూడాలి. గ్రహమైతే ఆలోపు పావు పిడికిలి, అంటే రెండున్నర డిగ్రీలు జరుగుతుంది. ఈ చుక్క కదల్లేదు. శుక్రుడు తెల్లవారుజామున ఈ దిక్కున ఉండనే ఉండడు. అంతరిక్ష కేంద్రమైతే ఆరేడు నిమిషాల్లో దాటిపోతుంది. విమానాల యాప్ ఖాళీ, కానీ సైనిక విమానాలు అందులో కనబడాలనేం లేదు. 10×50 బైనాక్యులర్‌ను బండి సీటు మీద ఆనిస్తే చిన్న గుండ్రటి ముద్ద. చేత్తో పట్టుకుంటే మాత్రం వణుక్కి ఎగిరే పళ్లెమే!

హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరి టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం హైడ్రోజన్ నింపిన పాలిథిన్ బెలూన్లను 30–40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతుంది. 35 కిలోమీటర్ల ఎత్తున మనకంటే దాదాపు 25 నిమిషాల ముందే పొద్దు పొడుస్తుంది. ఇక్కడ సూర్యుడొచ్చింది 6:40 దాటాకే. దిక్కూ హైదరాబాద్‌దే. బెలూనేనని నా లెక్క.

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో దిగిన వింత గోళం కూడా అక్కణ్ణుంచి ఎగిరిందే, ఓ స్పెయిన్ కంపెనీ క్యాప్సూల్. చేనులో పారాచూట్‌తో ఇలాంటి బెలూన్ పెట్టె పడితే ముట్టుకోవద్దు, కొన్నిట్లో హై వోల్టేజ్ ఉంటుంది. పోలీసులకు చెప్పాలి.

బెలూన్‌కు ముందు, ఇంకా చీకట్లోనే, ఉత్తరాన ఒక్కసారి మెరిసి ఆరిన వెలుగు వేరే. గడియారం చూసేలోపే పోయింది. నోట్‌బుక్‌లో దాని ఎదురుగా "తెలియదు" అని రాశాను.