కూడారై నాటి పూలు

ధనుర్మాసం మొదలైందని నెలగంట పెట్టిన మర్నాటి నుంచి మా అమ్మ నాలుగున్నరకే లేచేది. వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు కళ్ళాపి చల్లి, ఆ తడి ఆరేలోపే ముగ్గుగిన్నె తెచ్చుకుని వంగేది. 15 చుక్కలు, 8 వరకు సందు చుక్క. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుంటే గీత ఎక్కడా లావెక్కేది కాదు, ఎక్కడా తెగేది కాదు. ఒక్క మెలిక వంకరపోయినా అరచేత్తో చెరిపి మళ్ళీ వేసేది. నేను లాంతరు పట్టుకుని చలికి వణుకుతూ, "ఈ చీకట్లో ఎవరు చూస్తారమ్మా?" అంటే, "నేను చూస్తున్నానుగా" అనేది.

తొమ్మిదింటికల్లా పాలవాళ్ళ గేదెలు దాన్ని తొక్కుకుంటూ పోయేవి. అమ్మ పట్టించుకునేది కాదు. మర్నాడు మళ్ళీ 15 చుక్కలు.

ఆ "నేను చూస్తున్నానుగా" అన్న మాట నాకు గోదాదేవి కథ దగ్గరే అర్థమైంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులు తోట పెంచి, రోజూ మాల కట్టి స్వామికి ఇచ్చేవారు. ఆయన లేనప్పుడు ఆ పిల్ల మాల తీసి తన మెడలో వేసుకుని, బావి నీళ్ళలోకి వంగి చూసుకునేది. ఒకరోజు మాలలో వెంట్రుక కనబడి తండ్రి విలవిల్లాడిపోయాడు. ఆ మాల పక్కన పెట్టి కొత్తది కట్టి ఇస్తే, నాకు ఆమె ముడిచిన మాలే కావాలని స్వామి కలలో చెప్పాడు. చిన్నప్పుడు ఈ కథ విని, పిల్లకి అలంకారం మీద మోజు అనుకున్నాను. ఇప్పుడలా అనిపించదు. ఈ మాల స్వామికి తగినంత అందంగా ఉందా లేదా అని ఆమె చూసుకుంది. ఎలాగోలా వేసేస్తే పూజ అయిపోతుందని అనుకోలేదు. ఆ చూసుకోవడమే స్వామికి నచ్చింది. ఇప్పటికీ బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆమె ధరించిన మాల తిరుమలకు వస్తుంది.

మా అమ్మమ్మగారి ఊరికి దగ్గర్లోనే కృష్ణాజిల్లా శ్రీకాకుళం. ఆ ఊళ్ళోనే ఆంధ్రమహావిష్ణువు కృష్ణదేవరాయలకు కలలో కనబడి, గోద స్వామిని పెళ్ళాడిన ఈ కథని తెలుగులో రాయమన్నాడట. అలా వచ్చిందే ఆముక్తమాల్యద. మా అమ్మమ్మ ఆ గుడి గురించి చెప్పినప్పుడల్లా, మన భాషలో తన పెళ్ళికథ చెప్పించుకున్న దేవుడమ్మా అని మురిసిపోయేది.

ధనుర్మాసమంతా తిరుమలలో కూడా సుప్రభాతం బదులు గోదమ్మ తమిళంలో పాడిన తిరుప్పావే వినిపిస్తుంది. 30 పాశురాలు, అంటే పాటలు, రోజుకొకటి. అందులో రెండోదానిలో గొల్లపడుచులు వ్రతనియమాలు చెబుతారు. నెయ్యి తినం, పాలు తాగం, "మైయిట్టెళుదోం, మలరిట్టు నాం ముడియోం". కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం అని. కృష్ణుడు దగ్గర లేనప్పుడు ఈ అలంకారం ఎవరికోసం అని దాని భావం.

ఈ పాశురం నేను ఎన్నో ఏళ్ళు మామూలుగానే చదివాను. మా నాన్నగారు కార్తీకంలో చనిపోయిన ఏడాది మాత్రం చదవలేకపోయాను. పదోరోజు జరిగిందేమిటో ఇక్కడ రాయను. ఆ తర్వాత వచ్చిన ధనుర్మాసంలో వీధి వీధంతా ముగ్గులు, గొబ్బెమ్మల నెత్తిన గుమ్మడిపూలు. మా వాకిలి ఒక్కటే బోసిగా ఉంది. మన ఊళ్ళలో ముగ్గు లేని గడప చూస్తే ఎవరూ ఏమీ అడగక్కర్లేదు, ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. అందం అంటే అన్నీ ఉన్నాక, తీరిక దొరికాక చేసుకునే పని అని అంతకుముందు నేనూ అనుకునేదాన్ని. ఆ బోసి వాకిలి చూశాక ఆ మాట నానోట రాలేదు. అన్నం వండుకున్నాం, తిన్నాం, కరెంటు బిల్లు కట్టాం, అన్నీ జరిగాయి. ఇల్లు మాత్రం ఎవర్నీ రమ్మనడం మానేసింది.

సంవత్సరీకం అయ్యాక అమ్మని హైదరాబాదు తెచ్చుకున్నాం. అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు. గుమ్మం ముందు రెండు టైల్స్ మేర జాగా, అక్కడ నేను ఆన్‌లైన్‌లో కొన్న ముగ్గు స్టిక్కర్ అంటించి ఉంది. నెలగంట రోజు అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "గుప్పెడు బియ్యప్పిండి ఇవ్వవే" అంది. స్టిక్కర్ పక్కనే 5 చుక్కల ముగ్గు వేసింది. చెయ్యి కాస్త వణికింది, గీత వంకరపోయింది, చెరిపింది, మళ్ళీ వేసింది. కాసేపటికి ఎక్కడినుంచో చీమలు బారు కట్టాయి. స్టిక్కర్ మీదికి ఒక్కటీ పోలేదు. మెట్లు ఊడ్చే అమ్మాయి వచ్చి, చీపురు ఆపి, ముగ్గు చుట్టూ తిప్పుకుంటూ ఊడ్చి వెళ్ళింది.

ముగ్గు వరకు ఎవరూ ఏమీ అనరు. పూలే కష్టం. "ఇంక నీకు పూలెందుకు" అన్న మాట అమ్మ మా బంధువుల నోటే వింది. పుట్టినప్పటి నుంచి పెట్టుకున్న పూలవి. నాన్నతో వచ్చినవి కావు, నాన్నతో పోవడానికి. నేనెంత చెప్పినా అమ్మ తల అడ్డంగా ఊపేది.

27వ రోజు కూడారై. జనవరి 11 ప్రాంతంలో వస్తుంది. "కూడారై వెల్లుం శీర్ గోవిందా", నీతో కూడనివారిని కూడా గెలుచుకునే గోవిందా అని మొదలవుతుంది ఆ పాశురం. రెండో పాశురంలో వదిలేసిన అలంకారం, పాలు, నెయ్యి ఇక్కడ తిరిగి అడుగుతారు. చేతి కడియాలు, దండకడియాలు, దుద్దులు, "శెవిప్పూవే" అంటే మన చెవిపువ్వే, కాలి నగలు, కట్టుకోవడానికి చీరలు. ఆ తర్వాత పాలతో వండిన అన్నం, అది మునిగేంత నెయ్యి, తింటుంటే మోచేతి దాకా కారాలి! ఎప్పటికీ నీ సేవలోనే ఉండాలని అడిగేది 29వ పాశురంలో. దానికి రెండు పాశురాల ముందే చెవిపువ్వు అడిగారు, సిగ్గుపడకుండా. ఆ నగలు స్వామీ, ఆయన దేవేరి నప్పిన్నమ్మా తమ చేతులతో తొడగాలట, పెద్దలు అలా చెబుతారు. చివర్లో "కూడి ఇరుందు కుళిర్‌ందు". అందరూ కూడి ఉండి, చల్లబడాలి. ఈ కూడి మన కూడే. ఫలానావాళ్ళు తప్ప అని అందులో లేదు.

ఆరోజు దగ్గర్లోని గుడికి వెళ్ళాం. 108 గిన్నెల్లో క్షీరాన్నం నివేదన చేశారు. అర్చకస్వామి గోదమ్మ మెడలోని మాల తీసి, తుంచి, వచ్చిన ఆడవాళ్ళందరికీ ఇస్తున్నారు. అమ్మ వంతు రాగానే ఆయన ఏమీ అడగలేదు, చూడలేదు, చేతిలో పెట్టేశారు. అమ్మ గుప్పిట మూసుకుని బయటిదాకా అలాగే వచ్చింది. "నువ్వు పెట్టుకోవే" అని నాకిచ్చింది. నేను సగం నా జడలో పెట్టుకుని, సగం ఆవిడ ముడిలో పెట్టాను. ఈసారి తల అడ్డంగా ఊపలేదు.

ఇంటికొచ్చి నేను వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి, అమ్మ వాష్‌బేసిన్ అద్దం ముందు నిలబడి ఉంది. మెడ పక్కకు వంచి చూసుకుంటోంది. చేమంతి కాస్త కిందికి జారినట్టుంది. తీసి, సరిచేసి, మళ్ళీ పెట్టుకుంది.