తడి నాణేలు

సరిగ్గా గేటు దగ్గరికొచ్చేసరికి ఫోన్ ఆఫ్ అయిపోయింది. వెనక జనం ఆగిపోయారు. చైనాలోని చొంగ్‌చింగ్ మెట్రోలో రోజూ క్యూఆర్ కోడ్ చూపించి వెళ్లడమే అలవాటు, జేబులో ఒక్క యువాన్ లేదు. పవర్ బ్యాంక్ అద్దెకు తీసుకుందామన్నా, స్కాన్ చేయడానికి మళ్లీ ఫోనే కావాలి. ఎనిమిదింటికి క్లాసు. ఒకటే టెన్షన్.

వీపున వెదురుబుట్ట మోస్తున్న ఒక అవ్వ నా చేయి పట్టుకుని టికెట్ మెషీన్ దగ్గరికి తీసుకెళ్లింది. నడుముకు కట్టుకున్న సంచిలోంచి నాణేలు తీసి, లెక్కపెట్టి, నా అరచేతిలో పెట్టింది. తడిగా ఉన్నాయి. బుట్టలో గడ్డిపోచతో కట్టిన ఆకుకూర కట్టలు, వేళ్లకు ఇంకా మట్టి. ఆమె గోళ్లలోనూ అదే మట్టి.

మెట్రో నాలుగో లైన్‌లో పొద్దున్నే శివారులోని షిచ్వాన్ స్టేషన్ వైపు నుంచి రైతులు ఇలా బుట్టలతో కూరలమ్ముకోవడానికి సిటీకి వస్తారు. రోజూ చూస్తాను. మా ఊళ్లో మొదటి బస్సుకు గంపలెత్తుకొచ్చేవాళ్లు గుర్తొస్తారు. కానీ ఇన్నాళ్లలో ఎవరితోనూ మాట కలపలేదు. ఎందుకో తెలీదు.

ఆమెది ఇక్కడి యాస. నాకొచ్చిన కాస్త చైనీస్ చాల్లేదు. మెడలో ఐడీ కార్డు చూసి ‘లావ్‌షి’ అంది. టీచర్ అని. అదొక్కటే అర్థమైంది. డబ్బులు ఎలా తిరిగివ్వాలో అడిగేలోపే జనంలో కలిసిపోయింది.

సాయంత్రం దుకాణంలో చిల్లర మార్చుకున్నాను. రేపు అదే టైముకు వెళ్తాను. కనిపిస్తే రెండు కట్టలు కొనాలి కూడా.